మంగాదేవి ఎవరు?

నాన్నగారి పదకొండో రోజు అయిన మర్నాడు తమ్ముడు తాడేపల్లిగూడెం నెట్ సెంటర్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, మంగాదేవి ఎవరే?"

నాకు అర్థం కాలేదు. వంటింట్లో అత్తయ్యలు, పిన్ని ఉన్నారు, గట్టిగా అడగడానికి లేదు. పెరట్లోకి వెళ్ళి "ఏ మంగాదేవిరా?" అన్నాను.

"నాన్నగారి పెన్షన్ పోర్టల్లో భార్య పేరు మంగాదేవి అని ఉంది."

అమ్మ పేరు మంగతాయారు. ఆధార్‌లో, రేషన్ కార్డులో, ఓటరు కార్డులో, పొలం పాస్‌బుక్కులో మంగతాయారే. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పోయి రెండు వారాలు కాకుండానే ఆయన భార్య ఇంకెవరో అని కంప్యూటర్ చెబుతోంది. తమ్ముడి గొంతులో ఒక్క క్షణం నిజంగానే అనుమానం వినిపించింది. ఇప్పుడు తలుచుకుని నవ్వుకుంటాం. ఆ రోజు నవ్వు రాలేదు.

నాన్నగారు ఆర్మీలో ఈఎంఈ హవల్దారు. 1968లో చేరారు, సికింద్రాబాద్‌లో ట్రైనింగ్, 1990లో రిటైర్మెంట్. ఈఎంఈ అంటే సైన్యంలో పాడైన ప్రతిదాన్నీ బాగుచేసే విభాగం: ట్యాంకుల నుంచి వైర్‌లెస్ సెట్ల దాకా. నాన్నగారిది వెహికల్ మెకానిక్ ట్రేడు. 1971 యుద్ధంలో ఆయన షకర్‌గఢ్ వైపు ఉన్నారు. "ఎంతమందిని కాల్చావు తాతయ్యా?" అని మనవలు అడిగితే "ఒక్కణ్ణీ కాల్చలేదురా, పద్నాలుగు శక్తిమాన్ బండ్లకి కమాన్ పట్టీలు మార్చాను" అనేవారు. పిల్లలు నీరుగారిపోయేవాళ్ళు. రాత్రిళ్ళు లైటు వెయ్యకూడదట. బండి కింద వెల్లకిలా పడుకుని, నట్టుని వేలితో తడిమి, ఎంత నంబరు స్పానరో చెప్పి చెయ్యి బయటికి చాచేవారట. రిటైరయ్యాక ఊళ్ళో ట్రాక్టర్ల షెడ్డు పెట్టారు. కరెంటు పోయినా అక్కడ పని ఆగేది కాదు. చీకట్లో కింద నుంచి "పదిహేడు" అని వినబడేది, చెయ్యి బయటికొచ్చేది. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఆ చేతికి స్పానర్లు అందించేదాన్ని.

మా పక్కనే మాధవరం, అదే మిలిటరీ మాధవరం. అక్కడైతే ఇంటికో సోల్జరు ఉంటాడు, పెన్షన్ సంగతులు అరుగు మీదే తెలిసిపోతాయి. మా ఊళ్ళో నాన్నగారు ఒక్కరే. ఆయన ఉన్నన్నాళ్ళూ అందరి కాగితాలూ ఆయనే చూశారు. ఆయన కాగితాలు చూడటం మాత్రం మాలో ఎవరికీ రాదు.

అందుకే మొదట మాధవరంలో నాన్నగారి స్నేహితుడు, రిటైర్డ్ సుబేదారు గారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన పలకరింపులు అవీ అయ్యాక అడిగిన మొదటి మాట: "బ్యాంకులోంచి ఏమన్నా తీశారా అమ్మా?" లేదన్నాను. "తియ్యకండి. నెలాఖరుకి పెన్షన్ పడిపోతుంది, సిస్టమ్‌కి ఆయన పోయాడని ఎవరూ చెప్పలేదుగా. పోయిన రోజు వరకే ఆయనది. మిగతాది వెనక్కి లాగుతారు. ఏటీఎమ్ కార్డుంది కదా అని తీసేస్తారు, తర్వాత ఏడుస్తారు." ఆయన చెప్పినట్టే నెలాఖరుకి డబ్బు పడింది. మేం ముట్టుకోలేదు. అలా తీసేసి, తర్వాత ఫ్యామిలీ పెన్షన్‌లోంచి వాయిదాల మీద కోతలు పడుతున్నవాళ్ళు నాకు ఆ తర్వాత ఇద్దరు తగిలారు.

ఇంకో సంగతి ఆయనే చెప్పారు. బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదట. ఒకప్పుడు పెన్షన్ అంతా బ్యాంకే చూసేది, ఇప్పుడు స్పర్శ్ అనే పోర్టల్ వచ్చింది. దాన్ని నడిపేది ప్రయాగరాజ్‌లోని డిఫెన్స్ పెన్షన్ల ఆఫీసు. ఆ ఆఫీసు మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాన్నగారికి వచ్చే కవర్ల మీద "ద్రౌపదీ ఘాట్, అలహాబాద్" అని ఉండేది. ద్రౌపది నాన్నగారికి ఉత్తరాలు రాస్తోందని తమ్ముడు స్కూల్లో చెప్పి మాస్టారి చేత దెబ్బలు తిన్నాడు.

ఇంటికొచ్చి నల్ల ట్రంకుపెట్టె తెరిచాం. దాని మీద తెల్ల పెయింటుతో ఆయన ఆర్మీ నంబరు, పేరు. ఆ నంబరు మా ఇద్దరికీ ఎక్కాలతో పాటే వచ్చు. చిన్నప్పుడు తప్పిపోతే ఇంటి అడ్రస్ బదులు నంబరు చెప్పేవాళ్ళమేమో. అదేం చాదస్తమో అనుకునేదాన్ని గానీ, తర్వాతి ఎనిమిది నెలల్లో ఏ ఆఫీసుకి ఫోన్ చేసినా మొదట అడిగింది అదే. పేరు ఎవడికీ అక్కర్లేదు.

పెట్టెలో అన్నీ వరసగా ఉన్నాయి. డిశ్చార్జి బుక్కు. ఎస్ అక్షరంతో మొదలయ్యే నంబరున్న పీపీఓ, అంటే పెన్షన్ ఆర్డరు. మెడల్స్: పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, సైన్య సేవా మెడల్, పాతికేళ్ళ స్వాతంత్ర్యానిది ఒకటి, లాంగ్ సర్వీసువి రెండు. సంగ్రామ్ మెడల్‌కి రిబ్బన్ లేదు. చిన్నప్పుడు నా బొమ్మకి జడ వేసింది దాంతోనే. తాతయ్యకి పంపిన మనీఆర్డర్ రసీదులు దారానికి గుచ్చి ఉన్నాయి. మొదట్లో నెలకి 40 రూపాయలు, పోనుపోను 75, 120. బాబాయిల చదువులూ, ఇద్దరు అత్తయ్యల పెళ్ళిళ్ళూ ఆ దారానికి వేలాడుతున్నాయి. అడుగున ఒక గుడ్డలో చుట్టిన ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట. అమ్మ వచ్చి దాన్ని మాత్రం తీసుకుని బీరువాలో పెట్టేసింది. మేమూ అడగలేదు.

డిశ్చార్జి బుక్కులో కుటుంబ వివరాల పేజీ తీశాం. భార్య: మంగా దేవి. పెళ్ళి 1974. పుట్టిన తేదీ కూడా ఆధార్‌తో కలవలేదు.

సుబేదారు గారు చూసి ఫక్కున నవ్వారు. "ఏముందమ్మా, పెళ్ళయ్యాక యూనిట్‌లో క్లర్కుకి చెప్పి పార్ట్ టూ ఆర్డర్, అంటే పెళ్ళీ పిల్లల వివరాలు సర్వీసు రికార్డులో ఎక్కించే ఆర్డర్, వేయించుకోవాలి. వీడు మంగ అని ఇంట్లో పిలిచే పేరు చెప్పుంటాడు. క్లర్కు ఉత్తరాది వాడైతే ఆడమనిషి పేరు పక్కన దేవి తగిలిస్తాడు, అలవాటు. మా ఆవిడ పేరు పక్కనా ఉంది. నేను సర్వీసులో ఉండగానే దిద్దించుకున్నా."

అన్నీ అంత పద్ధతిగా చేసే మనిషి దీన్నెలా వదిలేశారు? మా ఇంట్లో గోడ మీద ఒక చార్టు ఉండేది. ఎవరి స్కూటర్‌కి ఆయిల్ ఎప్పుడు మార్చాలి, ఎవరి ఎల్ఐసీ ప్రీమియం ఎప్పుడు, ఏ మనవడికి ఏ టీకా ఎప్పుడు, అన్నీ అందులో ఉండేవి. శనివారం పొద్దున్న "మెయింటెనెన్స్ పరేడ్". ఫ్యాన్లు తుడవడం, బోరు మోటారు చూడటం, అల్లుడి బండైనా సరే గొలుసు బిగించాకే టిఫిను. మా ఆయన పెళ్ళైన కొత్తలో బిత్తరపోయాడు. అలాంటాయన సొంత భార్య పేరు తప్పుగా ఉంటే ఊరుకుంటారా అని నాకు కోపం కూడా వచ్చింది.

ఊరుకోలేదు. రెండు రోజుల తర్వాత ఇంకో ఫైలు దొరికింది, షెడ్డులో, ట్రాక్టర్ల జాబ్ కార్డుల మధ్యన. 2011 నాటి స్టాంపు పేపరు, టైపు చేయించిన అఫిడవిట్, నాన్నగారి సంతకంతో దరఖాస్తు. పైన ట్రాక్టర్లకి కట్టే అట్టముక్కే ఒకటి పిన్ను చేసి ఉంది. ఆయన దస్తూరీ: "పని: పేరు సవరణ. కావలసింది: మంగ సంతకం. పెండింగ్." కింద వేరే ఇంకుతో "2014 మళ్ళీ అడిగాను. పెండింగ్." దాని కింద "2019. పెండింగ్."

అమ్మకి చూపించాను. చాలాసేపు చూసి, "నేనే పెట్టనన్నాను" అంది. "ఇది ఎందుకండీ అంటే, నేను పోయాక నీకు పెన్షన్ రావడానికి అన్నారు. నా చేత అలాంటి కాగితం మీద సంతకం పెట్టిస్తారా అని విసిరికొట్టాను. పుస్తెలు మెళ్ళో ఉండగా ఎవరైనా పెడతారా?"

ఏమంటాం? పదమూడేళ్ళు అడిగిన మనిషికే జవాబు లేదు. ఆ ఒక్క సంతకం ఆయన బతికుండగా పడుంటే ఒక దరఖాస్తుతో పోయేది. ఇప్పుడు మనిషి లేడు, కాబట్టి అమ్మే ఆయన భార్య అని అమ్మే రుజువు చేసుకోవాలి.

మొదట పోయినట్టు తెలియజేయడం. నెట్ సెంటర్లో మరణ ధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ చేసి, అమ్మ ఆధార్, పాన్, పాస్‌బుక్కు పెట్టాం. నాన్నగారి లాగిన్, పాస్‌వర్డ్ ఆయన డైరీ మొదటి పేజీలోనే ఉన్నాయి, ఆ విషయంలో దండం పెట్టాలి. అమ్మ పేరు మీద దరఖాస్తు వెళ్ళింది, మూడు వారాలకి తిరిగొచ్చింది. కారణం పేరు తేడా ఒకటే కాదు. నెట్ సెంటర్ కుర్రాడు డిశ్చార్జి బుక్కులో కుటుంబం పేజీ బదులు టీకాల పేజీ స్కాన్ చేసి పెట్టాడు. 1968లో నాన్నగారికి వేసిన మశూచి టీకా వివరాలు ద్రౌపదీ ఘాట్ దాకా వెళ్ళొచ్చాయన్నమాట. అప్పట్నుంచి స్కాన్లు నేనే చేశాను.

తర్వాత అఫిడవిట్. నోటరీ చాలనుకుని ఒకటి చేయిస్తే చెల్లదన్నారు. మొదటి తరగతి మెజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసినది కావాలి. అమ్మని కోర్టుకి తీసుకెళ్ళాం. బయట బల్ల మీద కూర్చుని "దొంగతనం చేసినదాన్లా ఇదేంటే" అంటుంది. రెండు పేపర్లలో ప్రకటన వేయించాం, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లిష్. "మంగతాయారు అను నేనే మంగాదేవి అని, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని..." ఊళ్ళో ఎవరో చదివి అమ్మని అడిగారట, "ఏంటి పిన్నీ, పేరు మార్చుకున్నావంట?"

ఫొటో దగ్గర ఇంకో తకరారు. పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలి. అమ్మ అప్పటికి బొట్టు తీసేసింది. పాత ఫొటోలన్నిట్లోనూ రూపాయి కాసంత కుంకుమ. స్టూడియో అబ్బాయి మొహమాటంగా "ఆధార్‌లో వేరేలా ఉన్నారండి" అన్నాడు. అమ్మ ఒక నిమిషం ఆలోచించి నా పర్సులోంచి స్టిక్కర్ తీసి పెట్టుకుంది. పక్కనే ఉన్న పెద్దత్తయ్య "వదినా!" అంది. "నేను నేనేనని చెప్పడానికే కదా ఇదంతా" అంది అమ్మ. ఆ స్టిక్కర్ ఇప్పటికీ తియ్యలేదు. మేమెవరమూ దాని గురించి మాట్లాడలేదు.

ఈ కట్టంతా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చాం. నేను తిరిగిన ఆఫీసుల్లో మనశ్శాంతిగా కూర్చున్నది అక్కడే. క్లర్కు తనూ మాజీ సైనికుడే. కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి, "పుట్టిన తేదీ కూడా ఇప్పుడే దిద్దించేయండి, వదలకండి" అన్నాడు. పేరు కుదిరితే చాలనుకున్నాం మేము. ఆయన చెప్పాడు: ఫ్యామిలీ పెన్షనర్‌కి 80 ఏళ్ళు నిండితే బేసిక్ మీద 20 శాతం అదనంగా వస్తుంది, 85కి 30, 90కి 40, 95కి 50, వందేళ్ళకి అంతకంత. తేదీ తేడాగా ఉంటే అప్పుడు మళ్ళీ ఈ తిరుగుడంతా మొదటికొస్తుంది. అమ్మ పక్కనుంచి "వందేళ్ళా!" అంది. ఆయన "ఉంటారండీ, మా ఆఫీసుకి వస్తుంటారు ముసలమ్మలు, కర్ర పట్టుకుని" అన్నాడు.

ఎంత వస్తుందో కూడా ఆయనే కాగితం మీద వేసి చూపించాడు. నాన్నగారి పెన్షన్ ఆఖరి జీతంలో సగం లెక్కన, ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం లెక్కన. అంటే ఆయనకి వచ్చేదానిలో ఇంచుమించు పదింట ఆరు వంతులు, దాని మీద డీఆర్, అంటే పెన్షనర్ల కరువు భత్యం. భర్త 67 ఏళ్ళు నిండకుండా పోతే కొంతకాలం ఎక్కువ రేటు ఇస్తారట. నాన్నగారికి 73. అమ్మకి మామూలు రేటే. తమ్ముడు "సగానికి పైనేగా, బానే ఉంది" అన్నాడు. వాడికి తెలియదు, నాన్నగారు ఆ పెన్షన్లోంచే చిన్న బాబాయి మందులకి నెలనెలా ఇచ్చేవారు. డైరీలో "చి. మందులు" అని ప్రతి నెలా ఉంది. అది ఇప్పుడు నేనూ తమ్ముడూ చెరి సగం ఇస్తున్నాం.

అక్కణ్ణుంచి ఫైలు సికింద్రాబాద్ రికార్డ్స్‌కి వెళ్ళింది. ఎవరి సర్వీసు కాగితమైనా చివరికి ఉండేది వాళ్ళ రికార్డ్ ఆఫీసులోనే. అక్కడ పేరు దిద్దితే తప్ప ప్రయాగరాజ్ వాళ్ళు సవరించిన పీపీఓ ఇవ్వరు. నెట్ సెంటర్లూ, బ్యాంకులూ ఎంత హడావిడి చేసినా తాళం రికార్డ్స్ దగ్గరే ఉంది. నాకు ఈ ముక్క జనవరిలోనే ఎవరైనా చెప్పుంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

ఎండాకాలం అలా గడిచింది. నేను వారానికోసారి పోర్టల్ చూడటం, "ప్రాసెస్‌లో ఉంది" అని చదవడం. ఈలోపు అమ్మ ఖర్చులకి ఇబ్బందేం లేదు, మేమిద్దరం ఉన్నాం. కానీ ఆవిడ చెయ్యి ముడుచుకుపోయింది. పాలవాడికి డబ్బులివ్వడానికి కూడా తమ్ముణ్ణి అడగాలి. ఎప్పుడూ నాన్నగారిని అడిగిన మనిషి కాదు. ఒకటో తారీఖున ఆయన మొత్తం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, తన బీడీ కట్టలకి మళ్ళీ అడిగి తీసుకునేవారు.

సబ్బుల నుంచి రమ్ము దాకా తక్కువ ధరకి ఇచ్చే ఆర్మీ క్యాంటీన్ కార్డు సంగతి మధ్యలో చుట్టాలే ఎక్కువ అడిగారు. నాన్నగారు తాగరు. ఆయన కోటా రమ్ము పండక్కి ఎవరికి ఎన్ని సీసాలో పెద్ద రాజకీయం. ఆయన ఎవరికీ రూపాయికి అమ్మింది లేదు, ఊరికే ఇచ్చిందీ లేదు. షెడ్డులో ఒక రోజు పని చేయించుకుని ఇచ్చేవారు. అమ్మ "నా కార్డు మీద సబ్బులు, టీపొడి తప్ప ఇంకేం రావు" అని ప్రకటించేసింది. పెద్దమామయ్య మొహం చూడాలి అప్పుడు. వైద్యానికి ఈసీహెచ్ఎస్ కార్డు మార్పు మాత్రం నిజంగా అవసరం, అది పెన్షన్ ఆర్డరు వచ్చాకే అన్నారు.

సెప్టెంబర్‌లో నాన్నగారి ఫోన్ మోగింది. ఆ సిమ్ తీసెయ్యలేదు, పోర్టల్లో అదే నంబరు. పొద్దున్న ఆరున్నరకి మెసేజ్. ఫ్యామిలీ పెన్షన్ మంజూరైంది. ఆయన పోయిన మర్నాటి నుంచి లెక్కగట్టి బకాయిలు కూడా పడ్డాయి, జనవరిలో ఎక్కువ పడినది మినహాయించుకుని. తమ్ముడు ఫోన్ తీసుకెళ్ళి అమ్మకి చూపించాడు. అమ్మ అద్దాలు పెట్టుకుని అంకెలు చదివి, "చి. మందులకి పక్కన పెట్టండి" అంది. ఆవిడకి తెలుసన్నమాట.

ప్రింటు తీసిన ఆర్డరు సాయంత్రం తెచ్చాను. అమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. పేరు ఎలా పడిందో చదవమంది.

"మంగతాయారు, అలియాస్ మంగాదేవి."

"అలియాస్ అంటే?"

"ఆ పేరూ నీదేనని."

"నాదే కదా మరి" అంది చాట ఆపకుండా. "పెళ్ళైన కొత్తలో పటాలం నుంచి ఉత్తరం రాశారు. క్లర్కు నీ పేరు మార్చేశాడు, ఇవాళ్టి నుంచి నువ్వు మంగాదేవివి అని. ఆ తర్వాత ప్రతి ఉత్తరం మీదా శ్రీమతి మంగాదేవి గారికి అనే అడ్రసు. మొదటి ఉత్తరం పట్టుకుని పోస్టుమాను ఊరంతా తిరిగాడు, మంగాదేవి గారి ఇల్లు ఎక్కడండీ అని. చివరికి మీ తాతయ్య దగ్గరికొచ్చాడు. ఆయన మనూళ్ళో అలాంటివాళ్ళెవరూ లేరయ్యా అని పంపేశాడు."

"మరి నీకెలా చేరింది?"

"నేను లోపల్నుంచి విన్నాను. చెరువు గట్టు దాకా పరిగెత్తాను వాడి వెనకాల."